పదిహేను యూనిట్లు తక్కువ కాల్చిన పాపానికి

2025 మే 25, ఆదివారం. పొద్దున్న ఆరున్నర. విజయనగరం తోటపాలెంలో మా వీధికి ఇంకా పాలవాడు కూడా రాలేదు. ఫ్రిస్కో నుంచి అమ్మాయి వీడియో కాల్. డాలస్‌కి ఉత్తరాన ఉంది వాళ్ళ ఊరు. వాళ్ళకి శనివారం రాత్రి ఎనిమిది.

"నాన్నా, నువ్వు కరెంటాఫీసులో ముప్పై మూడేళ్ళు బిల్లులు చూశావు కదా. ఇదొకసారి చూసి చెప్పు."

వాట్సాప్‌లో బిల్లు వచ్చింది. 985 యూనిట్లు, 224 డాలర్ల 87 సెంట్లు. దాని వెనకే జనవరి బిల్లు కూడా పంపింది. 1010 యూనిట్లు, 105 డాలర్ల 47 సెంట్లు. యూనిట్లు తగ్గితే డబ్బులు రెట్టింపయ్యాయి.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ "సార్, మీటరు జంపవుతోంది" అని వచ్చేవాళ్ళని వేలల్లో చూశాను. వాళ్ళలో నూటికి తొంభై మందికి మీటరు సరిగ్గానే ఉండేది. అందుకని వాళ్ళని అడిగే ప్రశ్నే అమ్మాయినీ అడిగాను. "పాత బిల్లులన్నీ ఉన్నాయా?" ఉన్నాయి. ఆ రోజు ఇడ్లీలు చల్లారిపోయాయి.

టెక్సాస్‌లో కరెంటు అమ్మే కంపెనీని, ప్లాన్‌ని ఇంటివాళ్ళే ఎంచుకోవాలి. 2002 జనవరి నుంచి అక్కడ ఇదే పద్ధతి. తీగలు, స్తంభాలు, మీటర్లు ఒక కంపెనీవి. వీళ్ళ ఏరియాలో అది ఆంకోర్. ఆ తీగల మీద కరెంటు అమ్మే కంపెనీలు వేరు, బోలెడు. మనకి కరెంటు ఇచ్చే కంపెనీ ఈపీడీసీఎల్ ఒక్కటే. రేటు విద్యుత్ నియంత్రణ కమిషన్ చెప్తుంది, మనం కడతాం, తిట్టుకుంటాం. ఎంచుకోవడమనే బాధ లేదు.

పోయిన ఏడాది జూన్‌లో ఈ ప్లాన్ ఎంచినది అల్లుడుగారు. వెబ్‌సైటులో వరసగా వచ్చిన వాటిలో అన్నిటికంటే తక్కువ కనిపించినది నొక్కేశారట. యూనిట్‌కి 10.3 సెంట్లు అని ఉందట. అబద్ధం కాదు, సరిగ్గా 1000 యూనిట్లు కాలిస్తే 10.3 సెంట్లే పడుతుంది. కిటుకంతా ఆ 'సరిగ్గా'లో ఉంది.

ప్రతి ప్లాన్‌కీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అని ఒక కాగితం ఇవ్వాలి, అది అక్కడి రూలు. ఆ కాగితం పైనే మూడు గళ్ళు ఉంటాయి: 500, 1000, 2000 యూనిట్లకి సగటు రేటు ఎంతో. వీళ్ళ ప్లాన్‌కి 23.2, 10.3, 16.4 అని ఉంది. మధ్య గడి ఒక్కటే లోయలో పడినట్టు ఉందంటే కింద ఏదో మతలబు ఉన్నట్టే. కింద చిన్న అక్షరాల్లో ఉంది: కరెంటు 16.9 సెంట్లు, తీగల కంపెనీ చార్జీ వేరే, నెలలో 1000 యూనిట్లు తాకితే బిల్లులో 125 డాలర్ల తగ్గింపు. 999 కాలిస్తే తగ్గింపు సున్నా.

మే నెలలో మా వాళ్ళు 985 కాల్చారు. ఇంకో 15 యూనిట్లు కాల్చి ఉంటే బిల్లు దాదాపు 122 డాలర్లు తగ్గేది.

మన దగ్గర 30 యూనిట్ల దాకా 1.90, మెట్లెక్కుతూ పోతే 400 దాటిన యూనిట్లకి 9.75. ఎక్కువ కాలిస్తే ఎక్కువ కట్టు. బతుకంతా అదే లెక్క వేసినవాణ్ణి. ఎక్కువ కాల్చి తక్కువ కట్టడమేమిటో బుర్రకెక్కడానికి రెండు కప్పుల టీ పట్టింది. మా ఆవిడకి మాత్రం వెంటనే ఎక్కింది. "ఆఖరి రెండ్రోజులూ ఆ బట్టలారబెట్టే మిషను వేసి వదిలేస్తే అయిపోను కదా! ఇంత చదువుకున్నారు, ఏటి లాభం?" అంది. ఆవిడ చెప్పిందే కరెక్టు. అక్కడ కొందరు నిజంగానే అలా చేస్తారట.

అమ్మాయి ఆ రాత్రే కొత్త ప్లాన్ పట్టేద్దామంది. "ఆగు" అన్నాను. కాంట్రాక్టు కాగితం పంపమన్నాను. జూన్ 21తో ముగుస్తుంది. ముందు వదిలితే 150 డాలర్ల జరిమానా. అయితే గడువుకి 14 రోజుల లోపు మారితే జరిమానా వెయ్యకూడదని అక్కడి కమిషన్ నియమం. అంటే జూన్ 7 నుంచి దారి తెరిచి ఉంటుంది. గడువు దాటిపోయినా ఊరుకుంటే నెలనెలా మారే రేటులోకి వాళ్ళే తోసేస్తారు, అది సాధారణంగా ఇంకా ఎక్కువ ఉంటుంది. గడువు దగ్గర పడుతోందని పాత కంపెనీ ఈమెయిల్ పంపింది కూడా. అల్లుడుగారి ఇన్‌బాక్సులో చీరల డిస్కౌంట్ల మెయిళ్ళ మధ్య దొరికింది.

రెండు వారాలు చేతిలో ఉన్నాయి. నాకు కావలసింది పన్నెండు నెలల రీడింగులు. స్మార్ట్ మీటర్ టెక్సాస్ అని ఒక సైటుంది, ప్రతి పావుగంటకీ ఎంత కాలిందో చూపిస్తుంది. అందులో చేరాలంటే ఇంటికో గుర్తింపు నంబరు కావాలి, పదిహేడు అంకెలు. మన సర్వీసు నంబరు లాంటిదే, కాకపోతే చదివేసరికి ఊపిరాడదు. అమ్మాయి బిల్లు మీద చూసి చదువుతుంటే, మీటరు నంబరు కోసం అల్లుడుగారు టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. మొదటిసారి ఒక అంకె తప్పు పోయింది. రెండోసారికి తెరుచుకుంది.

నా దగ్గర పొడుగు పుస్తకాలు ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. ఒకదానిలో గీతలు కొట్టి రాసుకున్నాను. జూన్ 1390, జూలై 1720, ఆగస్టు 1815, సెప్టెంబరు 1460, అక్టోబరు 930, నవంబరు 615, డిసెంబరు 840, జనవరి 1010, ఫిబ్రవరి 905, మార్చి 640, ఏప్రిల్ 690, మే 985. మొత్తం సరిగ్గా 13,000. వెయ్యి తాకినవి ఐదు నెలలే. మిగతా ఏడు నెలలూ వీళ్ళు కట్టింది యూనిట్‌కి 22 సెంట్ల పైనే.

అక్కడి కమిషన్ నడిపే సైటు పేరు పవర్ టు చూజ్. పిన్‌కోడ్ కొడితే వందకి పైగా ప్లాన్లు వచ్చాయి. మొదట నాకు మన రైతుబజారు గుర్తొచ్చింది. కాసేపు చూశాక అది కాదనిపించింది. రైతుబజారులో బోర్డు మీద రేటు రాసి ఉంటుంది, వంకాయ కిలో అంటే కిలోయే. ఇక్కడ తూకం రాయి ఎవడిది వాడిదే. అమ్మాయి ఇంకో ప్రైవేటు సైటులో ఫోన్ నంబరు ఇచ్చింది. మర్నాటి నుంచి రోజుకి ఐదారు ఫోన్లు. నంబరు ఇవ్వకండి.

స్క్రీన్ మీద చదివితే నాకు ఎక్కదు. నాలుగు ప్లాన్ల కాగితాలు, షరతులతో సహా, గంటస్తంభం దగ్గర నెట్ సెంటర్లో ప్రింట్ తీయించాను. 62 పేజీలు, పేజీ మూడు రూపాయలు, మొత్తం 186. ఈ వ్యవహారం మొత్తానికి నా జేబులోంచి పోయింది అంతే. కుర్రాడు కాగితాలు సర్దుతూ "అమెరికాలో కూడా కరెంటు బిల్లు ఉంటాదేటి మాస్టారూ?" అన్నాడు. ఉంటాదిరా, దాన్ని చదవడానికి మనిషిని పెట్టుకోవాలి, అన్నాను.

తర్వాత పది రోజులూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఇదే పని. పద్ధతి ఒకటే. సగటు రేటు గళ్ళు చూడకుండా, ప్రతి ప్లాన్‌కీ పన్నెండు నెలలకి పన్నెండు బిల్లులు నేనే వేశాను. తీగల చార్జీ అన్ని కంపెనీలకీ ఒకటే: నెలకి 4.23 డాలర్లు, దాని మీద యూనిట్‌కి ఇంత అని. లెక్క సుళువుకి ఐదున్నర సెంట్లు పెట్టుకున్నాను. చిల్లర పన్నులు వదిలేశాను.

వాళ్ళ పాత ప్లాన్ ఏడాదంతా ఉంటే 2338 డాలర్లు. తగ్గింపులూ గిగ్గింపులూ లేని, 500కైనా 2000కైనా ఒకటే రేటు ఉండే ఒక ప్లాన్ దొరికింది. కరెంటు 9.1 సెంట్లు, తీగలతో కలిపి 14.6. మూడు గళ్ళలో 15.4, 15.0, 14.8. సైటులో రేటు వరసలో ఇది ఎక్కడో మూడో పేజీలో ఉంది, ఎందుకంటే 1000 దగ్గర చూస్తే దీని 15 ముందు వాళ్ళ 10.3 మెరిసిపోతుంది కదా. ఏడాదికి 1949. తేడా 389 డాలర్లు. అప్పటి రేటుకి ముప్పై మూడు వేల రూపాయలు.

అల్లుడుగారికి మాత్రం 'రాత్రి కరెంటు ఫ్రీ' ప్లాన్ మీద మనసు పడింది. "మామయ్యగారూ, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా సున్నా అండీ. బట్టలు, గిన్నెలు అన్నీ రాత్రే వేసుకుంటాం" అన్నారు. అల్లుడి మాట కొట్టేయడం ఇష్టంలేక పావుగంట రీడింగులు తీశాను. మనిషి ఇంట్లోంచే పని చేస్తారు. ఆగస్టులో సాయంత్రం నాలుగింటికి ఏసీ బుర్రుమంటుంది. రాత్రి కాలేది నూటికి 38 పాళ్ళే. మిగతా 8060 యూనిట్లకీ తీగలతో కలిపి 27 సెంట్లు. మొత్తం 2227. ఫ్రీ కరెంటుకి 278 డాలర్లు ఎక్కువ. కాగితం ఫొటో తీసి పంపాను. రెండు గంటల తర్వాత ఒక బొటనవేలు గుర్తు వచ్చింది.

ఫిక్స్‌డ్ రేటు కాని వాటిని నేను ముట్టుకోలేదు. దానికి కారణం ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానుకి అమ్మాయివాళ్ళు అర్వింగ్ అపార్ట్‌మెంటులో ఉన్నారు. రెండు రోజులు కరెంటు లేదు. అన్నం వండుకోలేదు, కారులో కూర్చుని ఫోన్లు చార్జ్ చేసుకున్నారు. హుద్‌హుద్‌కి, అంటే 2014 అక్టోబరులో, విజయనగరం చీకట్లో ఉంటే మా ఆఫీసులో కొవ్వొత్తి పెట్టుకుని రిజిస్టర్లు సర్దినవాణ్ణి, అయినా ఆ రెండు రాత్రులు నాకు నిద్రలేదు. అయితే హుద్‌హుద్‌లో మనకి కరెంటు పోయింది గానీ రేటు పెరగలేదు. అక్కడ టోకు ధర మెగావాట్ గంటకి 9,000 డాలర్లకి పోయింది. అంటే యూనిట్ తొమ్మిది డాలర్లు. టోకు ధరకి ముడిపెట్టిన ప్లాన్లు తీసుకున్న ఇళ్ళకి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. ఆ ఏడాదే చట్టం చేసి ఇళ్ళకి అలాంటి ప్లాన్లు ఆపేశారు. ఆపినా నా భయం నాది.

జూన్ 8, ఆదివారం పొద్దున్న మళ్ళీ కూర్చున్నాం. వాళ్ళకి 7 రాత్రి, జరిమానా లేని మొదటి రోజు. నేను ముహూర్తం పెట్టినంత గర్వంగా ఉన్నాను. అమ్మాయి సైటు తెరిచి, "నాన్నా, 9.1 కాదు, 9.6 ఉంది" అంది.

రేటు పన్నెండు రోజుల్లో పెరిగిపోయింది. సరే ఇంకేం చేస్తాం, అదే తీసుకో అన్నాను. అప్పటికీ మిగతావాటికంటే నయమే. ఫారం నింపుతుంటే ఒక చోట 'కరెంటు ఏ తేదీ నుంచి కావాలి' అని కేలండర్ వచ్చింది. రెండు నెలల దాకా ముందు తేదీలున్నాయి. అప్పుడు అర్థమైంది. మే 26నే 9.1కి సంతకం పెట్టి, మొదలయ్యే తేదీ మాత్రం జూన్‌కి ఇచ్చి ఉండొచ్చు. జరిమానా పడేది మారిన రోజుని బట్టి, సంతకం పెట్టిన రోజుని బట్టి కాదు. నా జాగ్రత్త ఖరీదు ఏడాదికి 65 డాలర్లు. అమ్మాయి ఏమీ అనలేదు. అనకపోతేనే బాధ.

తేదీ ఎంచడం దగ్గర రెండో దెబ్బ. కేలండర్లో అన్నిటికంటే ముందున్నది జూన్ 10, మంగళవారం. మా ఆవిడ వెనకనుంచి "మంగళవారం ఏటండీ, ఇంకో రోజు లేదా?" అంది. "పైడితల్లమ్మ వారం కాదూ, మంచిదే" అని నోరు మూయించాను. ఆలస్యమెందుకు, ఎంత తొందరగా పాత ప్లాన్ వదిలితే అంత లాభం అనుకున్నాను.

మన ఆధార్ లాంటి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇస్తే క్రెడిట్ స్కోరు చూశారు. స్కోరు బాగుంది కాబట్టి డిపాజిట్ అడగలేదు. అందరికీ అలా జరగదు. ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్న బొబ్బిలి కుర్రాడు ఒకడు మాకు తెలుసు, ఆ నంబరు లేక డిపాజిట్ కట్టలేక ప్రీపెయిడ్ కరెంటు తీసుకున్నాడు. సెల్‌ఫోన్ రీచార్జ్ లాగే, అయిపోతే ఆగిపోతుంది. మొత్తం ఫారం ఇరవై నిమిషాలు. మూడు పనిదినాల లోపు మనసు మార్చుకోవచ్చని మెయిల్ వచ్చింది.

జూన్ 10 రాత్రి నేను ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాను. మన దగ్గర పేరు మార్పిడికే ఎన్ని సంతకాలు! కంపెనీయే మారుతుంటే ఎవరో వచ్చి ఫ్యూజు పీకి పెడతారేమో, ఫ్రిజ్‌లో పప్పులూ కూరలూ ఏమవుతాయోనని. పొద్దున్న లేచి అడిగితే అమ్మాయి నవ్వింది. ఎవరూ రాలేదు. దీపం మినుక్కుమనలేదు. తీగ అదే, మీటరు అదే. కరెంటు పోతే ఫోన్ చెయ్యాల్సింది కూడా ఆ తీగల కంపెనీకే, అమ్మినవాడికి కాదు. మారింది బిల్లు మీద పేరొక్కటే.

పాత కంపెనీ ఆఖరి బిల్లు జూన్ మూడో వారంలో వచ్చింది. 19 రోజులు, 760 యూనిట్లు, 174 డాలర్ల 47 సెంట్లు. చూడగానే మళ్ళీ పొడుగు పుస్తకం తీశాను. వాళ్ళ మీటరు రీడింగు ప్రతినెలా 21 ప్రాంతాన. జూన్ 21 దాకా ఆగి ఉంటే నెల పూర్తయ్యేది, పోయిన జూన్ లెక్కన 1390 దాకా కాలేది, 125 తగ్గింపు పడేది. అంత కరెంటుకీ 191 డాలర్లతో పోయేది. ఇప్పుడు ఆ 174, మిగతా పదకొండు రోజులకి కొత్త కంపెనీకి సుమారు 95. అంటే 79 డాలర్లు గాలికి. తగ్గింపు ప్లాన్ వదిలేటప్పుడు రీడింగు తేదీకే వదలాలి. ఈ ముక్క ఏ కాగితంలోనూ లేదు, 62 పేజీలూ చదివాను.

మంగళవారం సంగతి మా ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు గుర్తు చేసింది.

జూలై చివర అమ్మాయి ఫోన్. గొంతులో తేడా తెలుస్తూనే ఉంది. "నాన్నా, ఈ నెల 1688 యూనిట్లు, 259 డాలర్లు. పాత ప్లాన్‌లో అయితే ఎంతయ్యేదో చూశావా?" చూశాను. 257. రెండు డాలర్లు తక్కువే అయ్యేది. నేను మొదటే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు: ఎండాకాలంలో ఆ తగ్గింపు ప్లాన్ తప్పు ప్లాన్ కాదు. వెయ్యికీ పదిహేడు వందలకీ మధ్య కాలితే అదే గెలుస్తుంది. మిగతా ఏడు నెలల్లోనే తోలు తీస్తుంది. "అక్టోబరు దాకా ఓపిక పట్టమ్మా" అన్నాను. నాకు మాత్రం ఓపిక ఉందా? ఆగస్టంతా డాలస్ ఎండలు చూస్తూ కూర్చున్నాను.

ఈలోగా అమ్మాయి ఈ లెక్కలు ఫ్రెండ్స్‌కి చూపించింది. చీపురుపల్లి అమ్మాయి ఒకామె, వీళ్ళకి రెండు వీధుల అవతలే ఇల్లు, "మాకు ఎంచుకునే పనే లేదే" అందట. అదే ఫ్రిస్కోలో కొన్ని వీధులు సహకార సంఘం తీగల కింద ఉన్నాయి. అక్కడ కంపెనీ ఒక్కటే, మన ఈపీడీసీఎల్ లాగ. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడే ఇది అడిగి తెలుసుకోవచ్చు, ఎవరూ అడగరు. ఆ అమ్మాయి బిల్లు కూడా పంపించుకుని చూశాను. హాయిగా ఉంది, ఒక్క రేటు. కొంచెం అసూయ పుట్టింది.

ఇంకో సంగతి, ఫిక్స్‌డ్ అంటే అంతా ఫిక్స్‌డ్ కాదు. తీగల చార్జీ ఏడాది మధ్యలో మారుతుంది, మారినంతా మన బిల్లులోకి వస్తుంది. సెప్టెంబరు బిల్లులో సెంట్ల తేడా కనిపించి అమ్మాయి గాభరా పడింది. కంపెనీ చేసిన మోసం కాదది.

మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను జాతర అయిన రెండు వారాలకి అక్టోబరు బిల్లు వచ్చింది. 915 యూనిట్లు. కొత్త ప్లాన్‌లో 142 డాలర్లు. పాతదైతే 209. నవంబరు 622 యూనిట్లు, 98 డాలర్లు. పాతదైతే 144. నవంబరు బిల్లు కింద అల్లుడుగారు "థాంక్యూ మామయ్యగారూ" అని రాశారు. బొటనవేలు గుర్తు కాకుండా అక్షరాలు వచ్చాయి, ఆ స్క్రీన్‌షాట్ దాచుకున్నాను.

కొత్త కాంట్రాక్టు 2026 జూన్ 9 దాకా. ఇంట్లో ఉన్న గోడ కేలండర్‌లో ఆ నెల లేదు కాబట్టి పొడుగు పుస్తకం వెనక అట్ట మీద రాసి పెట్టాను: 'ఏప్రిల్ నుంచి రేట్లు చూడాలి. నచ్చితే అప్పుడే సంతకం, తేదీ జూన్‌కి.' మా ఆవిడ ఆ పుస్తకం తీసుకుని దాని కిందే పెన్సిల్‌తో ఇంకో ముక్క రాసింది: 'మంగళవారం కాదు.' 2026 జూన్ 9 ఏ వారమో చూశాను. మంగళవారమే.